బొట్టు పెట్టిన బండ

మా ఇంటి వెనక గుడిలో పది రోజులుగా గ్రానైట్ పలకలు కోస్తున్నారు. కోస్తున్నంతసేపూ మిషన్ మీద నీళ్ళు పోస్తుంటారు కాబట్టి దుమ్ము లేవదు గానీ, తెల్లటి బురద మెట్ల మీదుగా మా సందులోకి పారి వస్తుంది. దాని వాసన తడి సిమెంటులా చప్పగా, చచ్చినట్టు ఉంటుంది. రాయి వాసన అది కాదు. ఉలి కింద పగిలిన రాయికి నిప్పు వాసన ఉంటుంది, చెకుముకి కొట్టినప్పుడు ముక్కుకు తగిలేది. దాని వెనకే కొంచెం తొలకరి వాసన కూడా వస్తుంది, ఎప్పుడో తాగిన వానను అది లోపలే దాచుకున్నట్టు. ఆ వాసనలోనే పుట్టి పెరిగాను నేను. ఈ మిషన్ బురద వాసన వస్తే తలుపు మూసుకుంటాను.

ఇప్పుడు ఫిలింనగర్ అంటున్న ఈ గుట్టల మీద నా చిన్నప్పుడు సినిమా లేదు, నగరమూ లేదు. ఏనుగు మీద ఏనుగు ఎక్కినట్టు బండలు, బండల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి కింద పాములు, వాటి పక్కనే మేము. పాలమూరు దిక్కు నుంచి రాళ్ళు కొట్టడానికి వచ్చిన ఇరవై గుడిసెల వాళ్ళం. జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేస్తున్న కాలం. పునాదికి రాయి, గోడకు రాయి, మెట్లకు రాయి, అంతా మా చేతుల మీదుగా పోయేది. ఉప్పుకూ కిరసనాయిలుకూ గుట్ట దిగి షేక్‌పేట పోవాలి, పండగ బట్టలకైతే టోలిచౌకి దాకా నడవాలి.

ప్రతి బండకూ మాకు ఒక పేరు ఉండేది. మేకబండ, గొడుగుబండ, లాగుల వెనక భాగాలన్నీ అరగదీసిన జారుడుబండ. వానలు పడితే బండల నడుమ దొన నిండేది. దొన అంటే బండలోనే ఉండే నీళ్ళ గుంట. మా దొనకు ఎవరో ఎప్పుడో మెట్లు కూడా తొలిచారు. బతుకమ్మ రోజుల్లో గుట్టంతా తంగేడు పూసి పసుపు ఆరబోసినట్టు ఉండేది. ఇప్పుడు మార్కెట్లో పొట్లం కట్టి అమ్మే ఆ పూలను మేము మేకలకు మిగలకుండా ఒడి నిండా తెంపుకొచ్చి, పోటీపడి పేర్చేవాళ్ళం. ఆ తర్వాత సీతాఫలాలు. కళ్ళు విప్పిన కాయలు చూసి తెచ్చి జొన్నచొప్పలో దాస్తే మూడో రోజుకు గుడిసెంతా తియ్యటి వాసన. చలికాలంలో పెద్ద బండ పగలడానికి దాని మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. ఆ వేడికి బండ పొర లేచి, లోపల ఎవరో దగ్గినట్టు చప్పుడయ్యేది. పెద్దవాళ్ళు ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, మేము నిప్పుల అంచున పల్లికాయలు కాల్చుకొని మూతులు నల్లగా చేసుకునేవాళ్ళం.

మా తాతను చెవి వెనక బీడీ, చేతిలో చిన్న సుత్తె లేకుండా నేనెన్నడూ చూడలేదు. ఏ బండనైనా ముందు మూడుసార్లు తట్టి, నాడి చూసే వైద్యుడిలా చెవి ఆనించి వినేవాడు. "గిది ఇస్తది" అంటే పని మొదలు. "గిది నిద్రల ఉన్నది, లేపొద్దు" అంటే ఆ రోజుకు దాన్ని ఎవరూ ముట్టరు. మొదటి దెబ్బకు ముందు రాతిపొడి నుదుటికి రాసుకొని "తల్లీ, పొట్టకోసమే" అనేవాడు. ఇంకో కట్టుబాటు ఉండేది, దానికి తాత కూడా ఎదురు చెప్పడు: బొట్టు ఉన్న బండ మీద సమ్మెట పడకూడదు. ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అడగరు. పసుపు, కుంకుమ కనబడ్డాయా, దండం పెట్టి పక్క బండకు పోవడమే.

దొన పక్కన నిలువుగా ఒక బండ ఉండేది, రాతబండ. నున్నటి ముఖం మీద అక్షరాలు. సగం సకినాలు చుట్టినట్టు గుండ్రంగా, సగం చీమలు బారులు కట్టి ఎక్కినట్టు పొడుగ్గా. ఇరవై గుడిసెల్లో ఒక్కరికీ చదువు రాదు. నీళ్ళకు పోయినప్పుడల్లా నేను ఆ గాడుల్లో వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా తిప్పేదాన్ని. ఎండాకాలం అవి వెచ్చగా ఉండేవి, వానాకాలం నాచు పట్టి మెత్తగా ఉండేవి. కింద నిధి ఉందని నానమ్మ చెప్పేది. తాత ఆమెను కసిరేవాడు. ఆయనకు అక్షరం రాదు, ఉలి దెబ్బ మాత్రం వచ్చు. "చూడు బిడ్డా, దెబ్బ గిట్ల పక్కకు వడ్డది. గీనిది ఎడమచెయ్యి. గీడ జర ఉలి జారింది, మల్ల సదురుకున్నడు" అని, ఎప్పుడో చచ్చిపోయిన మనిషి తప్పును పొరుగింటి వాడి తప్పులా చూపించేవాడు. "రాయించినోడు ఎవడో గని, చెక్కినోడు మాత్రం మనోడే."

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ దొన పక్క జాగాలో బంగళా కట్టాలని ఎవరో కొన్నారు. ప్రహరీ గోడకు రాతబండ అడ్డం. గుత్తేదారు వచ్చి దాన్ని కొట్టి అదే గోడకు వాడమన్నాడు. మేమంతా అతణ్ణి సేటు అనేవాళ్ళం. తాత ఎన్నడూ ఎవరినీ బతిమాలని మనిషి, ఆ రోజు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సేటూ, గిది రాతబండ. గీ ఒక్కటి ఇడిసిపెట్టు."

"ఏం రాసున్నదో చదువు మరి, ఇడిసిపెడ్త."

తాత ఒక గాడి మీద వేలు పెట్టి నిలబడ్డాడు. సేటు నవ్వాడు.

"నీకు రాదు, నాకు రాదు. ఇద్దరికి రానిదాన్ని ఉంచుకొని ఏం జేస్కుంటం ముసలోడా? రేపు పొద్దుగాల మొదలుపెట్టుండ్రి."

తెల్లవారేసరికి నేను నానమ్మ పసుపు డబ్బా, కుంకుమ భరిణె ఎత్తుకుపోయాను. దొన నీళ్ళతో పసుపు ముద్ద కలిపి బండకు పూశాను. ఎక్కడ పూశాననుకున్నారు? అక్షరాల మీదే. కాపాడాల్సింది అవే కదా అనుకున్నాను. ఒక్క గాడి కూడా వదలకుండా వేలితో నింపి నింపి పూసి, దాని మీద కుంకుమ బొట్లు పెట్టి, వేపమండ ఆనించి వచ్చి దుప్పటి కప్పుకొని పడుకున్నాను.

మగవాళ్ళు సమ్మెటలతో పోయి అక్కడే ఆగిపోయారు. సేటు వచ్చి అరవబోయి, పసుపు చూసి చెప్పులు విడిచాడు. ఒకాయన అమ్మవారు వెలసిందన్నాడు, ఇంకొకాయన తనకు మొన్ననే కల వచ్చిందన్నాడు. గోల విని నేనూ పోతే మా నాయిన గుంపులో నుంచి నన్ను చూశాడు, నా చేతులు చూశాడు. దగ్గరికొచ్చి మెల్లగా ఒకటే మాట అన్నాడు: "చేతులు కడుక్కో పో."

గోడ బండను తప్పించి వంకరగా పోయింది, బండ నిలిచింది. నా అంత మొనగత్తె లేదనుకున్నాను. తాత మాత్రం సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "మంచిగనే జేసినవు బిడ్డా. గని రాతల మీద ఎందుకు పూసినవే, పైన జాగ లేదా?" అన్నాడు. మర్నాడు చీపురుపుల్లతో ఒక్కొక్క గాడీ గీకి పసుపు తీయడం మొదలుపెట్టాడు. రెండు వరుసలు తీశాడో లేదో ఆడవాళ్ళు చూసి గొడవకు వచ్చారు. అమ్మవారి పసుపు తీస్తావా, మా పిల్లలకు జ్వరాలు వస్తే నీదే పాపం అన్నారు. ఆ వారమే ఇంకో పొర పసుపు పడింది. ఆషాఢంలో తొలి బోనం వచ్చింది. తర్వాత నూనె, తర్వాత సిందూరం. బంగళా కట్టిన ఆ ఏడే దొనకు కంచె వచ్చింది, మా ఆడవాళ్ళు నీళ్ళకు షేక్‌పేట పోవాల్సి వచ్చింది. అమ్మవారి బండకు దండం పెట్టే బంగళా వాళ్ళే ఆమె ముందరి నీళ్ళు మాకు ముట్టనివ్వలేదు.

తాత పోయాడు. గుట్టలు ఒక్కొక్కటే పోయాయి, వాటి జాగాలో స్టూడియోలు వచ్చాయి. రాళ్ళు అయిపోయాక మా నాయిన, నేను సెట్టింగుల పనికి పోయాం. ఒకసారి పాత కోట సెట్టు వేశారు. చెక్క, గోనెపట్టా, ప్లాస్టరు. గోడ మీద రాతలు కూడా చెక్కించారు, పాతగా కనబడాలని టీ నీళ్ళు చల్లించారు. దానికి కాపలావాడిని పెట్టి, ముట్టుకోరాదని బోర్డు కట్టారు. ఆ బోర్డు మీద ఏముందో మేస్త్రి చదివి చెబితే మా నాయిన ఉమ్మేసి, "గుట్ట మీద నిజందాన్ని కొట్టమన్నరు, గీడ అబద్ధపుదాన్ని ముట్టొద్దంటరు" అన్నాడు.

బండకు రేకుల కప్పు వచ్చింది, తర్వాత స్లాబు. సినిమా వాళ్ళు మొదటి కొబ్బరికాయ అక్కడ కొట్టడం మొదలుపెట్టాక గోపురమే వచ్చింది. నాకు నలభై దాటాక బస్తీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు పెద్దవాళ్ళ బడి పెట్టారు. మనవరాలి పలక పట్టుకొని పోయి నేర్చుకున్నాను. బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చిన రోజున నేరుగా బండ దగ్గరికే పోయాను. బండకు వెండి కళ్ళు, ఇత్తడి ముఖం పెట్టారు, సిందూరం వేలు మందం పేరుకొని ఉంది. పక్కకు నిలబడి తలపిన్నుతో ఒక మూల గీకాను. ఒక్క అక్షరం సగం బయటపడింది. నేను నేర్చుకున్న యాభై ఆరింటిలో అలాంటిది లేదు. ఈలోగా పూజారి, "అమ్మవారి ఒళ్ళు గీకుతావేమమ్మా!" అని పరిగెత్తుకొచ్చాడు. అందరిలో నన్ను బయటికి నడిపించారు.

ఈ ఏడు కావ్య అనే పిల్ల వచ్చింది. ఎర్రగడ్డ నుంచి స్కూటీ మీద తిరుగుతూ ఊళ్ళలో మిగిలిన పాత రాతల జాబితా రాసుకుంటుంది. నా కథంతా విని, "ఫికర్ చేయకు అవ్వా. సిందూరం కింద రాయికి ఏం కాదు, మందు పెట్టి మెల్లగా తీయొచ్చు. ఇప్పటి దాకా అక్షరాలు బతికే ఉంటయ్" అంది. నీళ్ళ పక్కన ఉండే రాతల్లో ఆ నీళ్ళు ఎవరు తవ్వించారో, ఎవరెవరు తాగవచ్చో రాసి ఉండడం కద్దని కూడా చెప్పింది. నాకు నా మీదే ఒళ్ళు మండింది. ఎవరైనా తాగవచ్చు అని దాని మీద రాసి ఉంటే? నా పసుపుతో నేను పూడ్చింది ఆ మాటనే అయితే?

అప్పటికే గుడి కమిటీ బండ చుట్టూ గ్రానైట్ పలకలు బిగించాలని తీర్మానం చేసింది. మేమిద్దరం పోయి కూర్చున్నాం. అధ్యక్షుడు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ పెద్దమనిషి, నాకే ముందు కుర్చీ వేయించాడు. కావ్య చెప్పిందంతా విని తల ఊపాడు.

"స్వయంభువు అమ్మవారండీ. గోకి చూడ్డానికి ఇదేమైనా పాత సామానా? రేపు గవర్నమెంటోళ్ళు వచ్చి ఇది మాదంటే గుడి ఏమవ్వాలి?"

నేను లేచి నిలబడ్డాను. "ఏ స్వయంభు గాదు సారూ. మొదటి బొట్టు వెట్టింది నేను. మా నానమ్మ డబ్బాల పసుపు అది. తొమ్మిదేండ్లదాన్ని. రాతలు కాపాడుదామని వెట్టిన."

ఇప్పుడు తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"తొమ్మిదేళ్ళ పసిపిల్లకి ఆ బుద్ధి ఎలా పుట్టిందంటారు? అమ్మవారే మీ చేత పెట్టించిందండీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకామె వచ్చి నా కాళ్ళకు మొక్కింది. పని ఆపమని కావ్య రాసిన కాగితాలు ప్రభుత్వ ఆఫీసుకు పోయాయి, ఇంకా అక్కడే ఉన్నాయి. పలకలు మాత్రం ఆగలేదు. బిగించడానికి బండ ముఖం మీద డ్రిల్లుతో రంధ్రాలు వేశారు, మేకులు దింపారు, జిగురు పోశారు. ఆ మధ్యాహ్నమంతా నేను గుమ్మంలో కూర్చొని విన్నాను.

బండ వరకు పని అయిందని నిన్న నన్నూ కావ్యనూ పిలుచుకుపోయి చూపించారు. బండ లేదు, నల్లటి అద్దంలాంటి పలకలు ఉన్నాయి. నడుమ పలక మీద బంగారు రంగు అక్షరాలు: "తొలి బొట్టు పెట్టిన పుణ్యవతి శ్రీమతి నర్సమ్మ గారు." నేనే చదువుకున్నాను, తప్పు లేకుండా.

"నా పేరు తీసెయ్యుండ్రి," అన్నాను.

"చూశారా, పెద్దావిడ వినయం!" అన్నాడు అధ్యక్షుడు పక్కవాళ్ళతో.

మెట్లు దిగి కింద రోడ్డు మీద నిలబడ్డాం, నేను, కావ్య. మేకబండ జాగాలో కార్ల షోరూమ్, జారుడుబండ జాగాలో అద్దాల భవనం, దొన మీద ఎవరిదో ఈతకొలను. తంగేడు మొక్క ఒక్కటి కూడా కనబడలేదు. కావ్యకు ఫోన్ వచ్చింది. విని, నా వైపు తిరిగి చెప్పింది. షేక్‌పేట అవతల రోడ్డు వెడల్పు చేసే చోట ఇంకో రాతబండ ఉందట. మర్నాడు మిషన్ రావాల్సి ఉందట. ఆ పొద్దున దాని మీద ఎవరో పసుపు పూసి, కుంకుమ పెట్టిపోయారట, అక్షరాల మీదే.

"తుడవమని చెప్పనా అవ్వా?" అని అడిగింది.

తుడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఉంచితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ పిల్ల ఫోన్ చెవి దగ్గరే పట్టుకొని నా ముఖం చూస్తూ నిలబడింది.