సాంచాల మనిషి చీటీ

మే నెల మొదటి సోమవారం, పొద్దున ఏడుంబావుకు సిరిసిల్ల దిక్కు ఒక సర్కారు దవాఖాన ముందట బస్సు దిగిన. మాది కాగజ్‌నగర్. ఫౌజ్‌ల పదిహేడేండ్లు మెడికల్ సిపాయిగ చేసి ఇంటికొచ్చినోన్ని. ఇది ఆరు వారాల కాంట్రాక్టు డ్యూటీ. వికలాంగుల పెన్షన్ అడిగెటోళ్లను పరీక్ష చేసే క్యాంపు. రేకుల షెడ్డు. రెండు ఫ్యాన్లు, అండ్ల ఒకటే తిరుగుతుంది. నాకిచ్చిన సామాను: టార్చ్, టేపు, మోకాలు కొట్టి చూసే రబ్బరు సుత్తె, చీటీల కట్ట.

డాక్టర్ సాబు హుకుం ఒక్కటే. "ముందుగాల నువ్వు చూడు. దొంగ కేసులు నా దాక రావద్దు." చీటీ మీద నేను రాసిందే కంప్యూటర్ల ఎక్కుతది. కాదని ఎక్కితె, మళ్ల మూడు నెలల దాక తారీఖు దొరకది.

నాకు పొగరు ఉండేది, దాచుడెందుకు. కండ్లల్ల కండ్లు పెట్టి అడిగితె అబద్ధం నా ముందట నిలువదనుకునేటోన్ని. కుంటుకుంట వచ్చి, టోకెన్ గాలికి కొట్టుకపోతె ఉరికి అందుకున్నోన్ని ఒకన్ని పట్టిన. సాబు మెచ్చుకున్నడు. ఇగ నేను ఆగుతనా?

మూడో వారం, పగటీలి పన్నెండు. యాభై ఏండ్లాయన వచ్చిండు. ముప్పై ఏండ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపిండట. చెవులు పోయినయి. పోగు తెగి చప్పుడు మారినా తెలుస్తలేదని సేటు పనికి రావద్దన్నడు. ఇగ పెన్షనే దిక్కు. నేను ఎదురుంగ కూసోని, గొంతు తగ్గించి పేరు అడిగిన. చెప్పిండు. ఊరు అడిగిన. చెప్పిండు. ఇంకా తగ్గించి, పొద్దున ఏం తిన్నవంటె సద్దన్నం, పచ్చిపులుసు అన్నడు. ఆయన గొంతు మాత్రం షెడ్డంత మోగింది. నేను పట్టించుకోలే. చెవులు పరీక్ష చేసే మిషిన్ గదిలకు పంపకుంటనే "మంచిగ ఇనబడుతది" అని రాసిన. కంప్యూటర్ల ఎక్కింది.

చీటీ ఎవరితోనో చదివిపించుకోని ఆయన భార్య నా టేబుల్ కాడికొచ్చింది. కొట్లాడలే. మెల్లగ చెప్పింది.

"సాంచాల కాడ చెవులతోని ఎవరింటరు సారు? గా మోతల మూతి చూసే మాట తెలుసుకుంటం. నేను ఆడనే నూలు కండెలు చుడ్త, నాకూ గదే అలవాటు."

కొంగు మూతికి అడ్డం పెట్టుకోని ఆయన పేరు రెండుసార్లు గట్టిగ పిలిచింది. మూరెడు దూరంల ఉన్నడాయన. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

సిగ్గుతోని నాకు తల ఎత్త బుద్ధి కాలే. సాబు కాడికి ఉరికిన. తప్పు నాదన్న. ఆయన కంప్యూటర్ అమ్మాయి దిక్కు చూసిండు. ఎక్కింది ఎనుకకు రాదన్నదామె. "మూడు నెలలు ఆగుమను" అని సాబు తర్వాతి టోకెన్ పిలిచిండు.

కొత్త తారీఖుకు సాంచాలాయన పేరు నేనే రాయించిన. ఆరు వారాలు నిండినంక కాగజ్‌నగర్‌కు తిరిగొచ్చిన. ఆయనకు పెన్షన్ వచ్చిందో రాలేదో తెల్వది. నన్ను మళ్ల క్యాంపు డ్యూటీకి పిలిచిండ్రు, పోలే.

బార్డర్ల చూసినయి చానా మర్చిపోయిన. గిది పోతలేదు. ఆ దినం నేను సాబు కాడి నుంచి మర్లి వస్తున్న. సాంచాలాయన బెంచీ మీది నుంచి లేచి నిలబడ్డడు. ఏమైందో అడగలే. నా కండ్ల దిక్కు చూడలే. నా పెదవులు ఎప్పుడు కదుల్తయా అని నా మూతి దిక్కే చూస్తుండు.