ఒట్టి డప్పు మోగాల్సిన చోటు

మా పాట వినాలని తిరుపతి నుంచి ఒక పంతులు వచ్చాడంటే నాకు మొదటి నుంచీ అనుమానమే. యానాదుల గూడేనికి వచ్చేవాళ్ళు తేనె అడుగుతారు, పాముకాటుకు వేరు అడుగుతారు. పాట ఎవరడుగుతారు? అదీ తలారిని వెంటబెట్టుకుని!

తెల్లవాళ్ళ యుద్ధం జరుగుతున్న రోజులవి. మావాళ్ళ మీద దొంగల చట్టం ఉండేది. మగవాళ్ళు వారం వారం స్టేషనుకు పోయి హాజరు చెప్పాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దాటితే జైలే. శ్రీహరికోట అడవిలో చిన్నాయనకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే మా ఆయన చీటీ అడగకుండానే పోయాడు. అడిగినా ఇవ్వరు. హాజరు నాటికి వచ్చేస్తానన్నాడు. ఆయన ఇంకా రాకముందే ఈ పంతులు దిగాడు.

పంతులు అడిగింది కొండపాట. తేనె కోసం కొండెక్కే ముందు మగవాళ్ళు వలయంగా కూర్చుని పాడేది. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో వరస. తండ్రి వరస పెద్దకొడుక్కే వస్తుంది. అన్ని వరసలూ ఒకే కొలత, ఆ కొలతను డప్పు నడిపిస్తుంది. ఎవరైనా ఊళ్ళో లేకపోతే అతని వరస దగ్గర ఎవరూ నోరు తెరవరు. అంతసేపూ ఒట్టి డప్పు మోగుతుంది. మనిషి ఉన్నాడు, వస్తాడు అని దానర్థం. చచ్చిపోతేనే ఆ వరసను ఇంకొకరు ఎత్తుకుంటారు. ఎత్తుకున్నాక తిరిగి ఇవ్వడమంటూ లేదు. వేరే గూడేల సంగతి నాకు తెలియదు, మా గూడెంలో ఇంతే.

మా అత్త డప్పు తీసుకుంది. తలారి ఎదురుగా నిలబడి ఉంటే వద్దని ఎట్లా అంటుంది? మావాళ్ళు పాడుతుంటే పంతులు వేళ్ళు మడుస్తూ, విప్పుతూ, ఒక్కొక్కరి మొహమే చూస్తున్నాడు. మమ్మల్నే లెక్కపెడుతున్నాడనుకున్నాను. మా ఆయన చోటు వచ్చింది. డప్పు ఒంటరిగా మోగింది.

పంతులు చెయ్యెత్తాడు. "ఆగండి. ఇక్కడ తాళం ఉంది, మాట లేదు. ఒక పాదం లోపించిందే?"

తలారి చెవులు రిక్కించాడు. "ఏమబ్బా, మనిషేమన్నా తగ్గినాడా? యాడికి పొయినాడు?"

"ఎవురూ పోలేదు సామీ," అంది అత్త. "పాడేవోడికి గొంతు పట్టుకోనుండాది."

"అయితే మంచినీళ్ళు తాగి మళ్ళీ పాడమను," అన్నాడు పంతులు. ఎంత తీరికో!

అత్త నన్ను చూసింది. చిన్నకొడుకు కాబట్టి వరస లేని మరిది నన్ను చూశాడు. పెళ్ళాం తలూపనిదే వరస చేతులు మారదు. ఊపితే బతికున్న మొగుణ్ణి చంపినట్టు. ఊపకపోతే ఆయన జైలుకు. నేను తల ఊపాను.

మరిది ఎత్తుకున్నాడు. చిన్నప్పటి నుంచీ వింటున్నదే, తడబడడు. అయినా అంత నున్నగా పాడేసరికి అతని మీద కూడా నాకు అనుమానం పుట్టింది, ఇన్నాళ్ళూ దీనికోసమే కాచుకుని ఉన్నాడా అని. తలారి చుట్ట వెలిగించుకున్నాడు. పంతులు మొహం విప్పారింది. "ఇప్పుడు సరిగ్గా సరిపోయింది!" అన్నాడు. ఆ మొహాన పేడనీళ్ళు చల్లాలనిపించింది.

మా ఆయన హాజరుకు ముందురోజు వచ్చాడు. ఎవరూ పట్టుకోలేదు. ఆ పంతులు పోలీసుల మనిషో, నిజంగానే పాటల కొలతల పిచ్చివాడో నాకు ఈనాటికీ తెలియదు. పిచ్చివాడైతే ఇంకా కోపం.

తేనె కాలం వచ్చింది. మా ఆయన వలయంలో తన చోట కూర్చున్నాడు. తన వరస రాగానే నోరు తెరిచాడు. అప్పుడే మరిది గొంతు లేచింది. మా ఆయన డప్పు కొడుతున్న తల్లిని చూశాడు. ఆమె ఆపలేదు.

"నీది పొయింది నాయనా," అంది పాటయ్యాక. "నీ పెండ్లామే ఇచ్చింది. నువ్వు జైల్లో పడకూడదనే ఇచ్చింది."

వరస లేనివాడు కొండెక్కకూడదు. ఆయన చిత్తూరు దగ్గర మామిడి తోటల్లో కూలికి కుదిరాడు. ఆ సంగతి నన్ను ఒక్కనాడూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

చాలా ఏళ్ళకు ఆయన నిజంగానే పోయాడు. ఆ యేడు కొండపాట దగ్గరికి నేను వెళ్ళి కూర్చున్నాను. నా కొడుకు వలయం బయట నిలబడ్డాడు. మరిది అప్పటికే పోయాడు, వాడికి రావలసిన వరసను మరిది కొడుకు పాడాడు. డప్పు ఎక్కడా ఒంటరిగా మోగలేదు. పంతులు చెప్పినట్టే, అంతా సరిగ్గా సరిపోయింది.