తలుపు పక్కన పీట

మా అంగన్‌వాడీ టీచరమ్మ పోయిన సోమవారం చనిపోయింది. పొద్దున నేను కేంద్రం తాళం తీసి, బియ్యం కడుగుతుంటే ఆమె కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. పిల్లలు అప్పటికే వచ్చి కూర్చున్నారు. వాళ్ళకు అన్నం, గుడ్డు పెట్టి ఇళ్ళకు పంపాకే నేను టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె అయినా అట్లాగే చెయ్యమనేది.

డోర్నకల్ దగ్గరి మా ఊళ్ళో ఆమె టీచరు, నేను ఆయాను. పదహారేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. ఆమె పాట పాడితే పిల్లలు నవ్వేవాళ్ళు. పిల్లల ముక్కులు తుడవడానికి పాత చీర పీలిక ఒకటి ఎప్పుడూ నడుముకు దోపుకునేది. కోపం వస్తే ఎవరితోనూ మాట్లాడకుండా రిజిస్టర్లకు అట్టలు వేసేది.

ఇప్పుడు అందరూ ఆమె మంచితనమే చెప్తున్నారు. నేను ఆమె చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. అందులో నాకూ వాటా ఉంది. ఆమె దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు.

ఒక ఏడు తండా నుంచి మూడున్నరేళ్ళ ఆడపిల్ల చేరింది. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో కట్టడాల పనికి పోతే నాయనమ్మ దగ్గర ఉండేది. రెండు నెలలైనా నోరు విప్పలేదు. దాహమైతే కుండ వైపు చూసేది. మిగతా పిల్లలు ఆడుతుంటే గోడకు ఆనుకుని నిలబడేది. ఇంట్లో బాగానే మాట్లాడుతుందని నాయనమ్మ చెప్పింది. మనవరాలి లోపం దాచిపెట్టడానికి అంటున్నదనుకున్నాం. టీచరమ్మ ఫారంలో ‘మాటలు రావు’ అని రాసింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఆ పిల్లకు మూగపిల్ల అని పేరు పడింది.

నాయనమ్మకు జ్వరంగా ఉంటే మేమిద్దరమే పిల్లను చెవుల డాక్టర్‌కు చూపించడానికి మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. వరుసలో మా పక్కన వేరే తండా ఆమె కూర్చుంది. పిల్లను లంబాడీలో ఏదో పలకరించింది. అంతే, పిల్ల ఆగలేదు. మేక ఈనిన సంగతి, అమ్మ ఫోన్ చేసిన సంగతి, ఇంకా ఏవేవో చెప్తున్నదట.

“గీ పిల్లకు మాటలు రావంటరేంది? నా చెవులు తింటున్నది” అని నవ్వింది ఆమె.

టీచరమ్మ దవాఖాన చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. “చెవుల డాక్టర్‌కు సూపియ్యాల్సింది నన్ను. లే, పోదాం” అన్నది. కేంద్రానికి రాగానే రిజిస్టర్లకు అట్టలు వెయ్యడం మొదలుపెట్టింది.

మరునాడు పిల్ల రాలేదు. మూగ అని పిలిచే చోటికి పంపొద్దని, శనివారం వచ్చి తమతో తీసుకుపోతానని తండ్రి ఫోన్‌లో చెప్పాడట. అక్కడైతే ఇసుక కుప్పల మధ్య ఆడుకోవడమే, చదువుండదు. మేము తండాకు నడిచిపోయాం. నాయనమ్మ మంచం వాల్చింది కాని మా ముఖం చూడలేదు.

“తప్పు నాది అవ్వా. నీ మాట నమ్మకపోతి. పిల్లను పంపు” అన్నది టీచరమ్మ, చుట్టూ చేరిన నలుగురూ వింటుండగా.

“పంపితె ఎవలతోని మాట్లాడాలె? గోడతోనా?”

టీచరమ్మ ఆ మంచం మీద కూర్చుంది. “అయితె నువ్వు సుత రా. వచ్చి కూసో” అన్నది.

తలుపు పక్కన పీట వేశాం. మొదటి రెండు రోజులు పిల్ల నాయనమ్మ కొంగు వదల్లేదు. మూడో రోజు నాయనమ్మ నీళ్ళను పాణి అని, రొట్టెను బాటి అని చెప్తే, దర్జీ బిడ్డ తమ ఇంట్లో ఉర్దూలో ఏమంటారో చెప్పింది. ఊరి పిల్లలు తెలుగులో చెప్పారు. అన్నిటికంటే ఆలస్యంగా నేర్చుకున్నది టీచరమ్మే. పిల్లలే ఆమెను దిద్దేవాళ్ళు. శనివారం తండ్రి వచ్చి కిటికీలోంచి చాలాసేపు చూశాడు. ఒక్కడే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో అందరికీ ఇది నచ్చలేదు. “మా పోరగాండ్లకు లంబాడీ నేర్పుతున్నవా టీచరమ్మా?” అని ఒక తల్లి వచ్చి అడిగింది.

“నేర్చుకుంటె కడుపు నొస్తదా? బుధవారం నీ వంతు. నువ్వొచ్చి నీ పాట చెప్పు.”

ఆమె గొణుక్కుంటూనే వచ్చి, బతుకమ్మ పాట చెప్పింది. అప్పటి నుంచి ఆ పీట మీద రోజుకొక ఇంటివాళ్ళు కూర్చునేవాళ్ళు. దర్జీ భార్య గుండీలు కుట్టే పని వెంట తెచ్చుకునేది. కొత్త పిల్ల చేరితే, ఫారంలో మాటల గురించి రాసే గడిని టీచరమ్మ ఖాళీగా ఉంచేది. “ఇంటోళ్ళు పీట మీద కూసున్నంక రాద్దాం” అనేది. అయినా మూగ అన్న పేరు ఆ పిల్ల వెంట పెద్ద బడిదాకా పోయింది. ఎవరైనా అట్లా పిలిచినప్పుడు టీచరమ్మ తల వంచుకునేది.

గురువారం కేంద్రం తెరిచాను. కొత్త టీచరు ఇంకా రాలేదు. తండా నుంచి ఈ మధ్యే చేరిన చిన్న పాప ఒకతె గోడకు ఆనుకుని నిలబడింది. అలవాటుకొద్దీ పీట వేశాను కాని, ఎవరైనా వస్తారనుకోలేదు. ఎవరి వంతో రాసిన కాగితం టీచరమ్మ సంచిలోనే ఉండిపోయింది.

కాసేపటికి, అప్పుడు మేము మూగ అనుకున్న పిల్ల వచ్చింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. బడి బట్టల్లోనే ఉంది. ఈరోజు వంతు నాయనమ్మదని, మోకాళ్ళ నొప్పితో ఆమె లేవలేకపోతున్నదని చెప్పి, సంచి పక్కన పెట్టి పీట మీద కూర్చుంది. పీట చిన్నది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గోడ దగ్గరి పాపను లంబాడీలో ఏదో అడిగింది. పాప పలకలేదు. ఆమె మళ్ళీ అడగకుండా అట్లాగే కూర్చుంది. చాలాసేపటికి పాప రెండు అడుగులు వేసి, సన్నగా ఏదో చెప్పింది.

నాకు సగమే అర్థమైంది. లోపల ఎసరు పొంగుతున్న చప్పుడు వినబడుతున్నా, నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.