మా ఆయన అనని మాట

ఇన్నేళ్లుగా ఒక మాట నా గుండె మీద బండలా ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే, ప్రార్థనకు మోకాళ్లూనినా అదే. నేను నాలుగో తరగతి చదివినదాన్ని. తప్పులుంటే సర్దుకోండి. మీరెవరో నాకు తెలియదు కనుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసేవారు. నాంపల్లిలో మా చర్చికి సంఘపెద్ద. దవాఖానలో ఆయన పోయేటప్పుడు మావాళ్లలో పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. ప్రభువు కనబడుతున్నాడని, భయం లేదని చెప్పి నవ్వుతూ కళ్లు మూశారని అందరికీ చెప్పాను. ఆయన ఆ మాట అనలేదు. నవ్వలేదు.

ఆయన అన్నది వేరు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఏమే, నాకెవ్వరు కనబడ్తలేరు. దేవుడు ఉన్నడంటవా?" అని అడిగారు. ప్రాణం పోతున్న మనిషి అడిగితే నేనేం చేశాను? అటూ ఇటూ చూశాను. "ఊకో. పక్క మంచమోళ్లు ఇంటున్నరు" అన్నాను. సంఘపెద్ద నోట ఇదేం మాటని నలుగురూ అనుకుంటారని నా భయం. ఆయన ఊరుకున్నారు. మళ్లీ నోరు తెరవలేదు.

మా సంఘంలో ఒక అలవాటుంది. పోయినవాళ్ల జ్ఞాపకార్థం కూడిక పెట్టినప్పుడు ఇంటివాళ్లు లేచి ఆఖరి మాట ఏమిటో చెప్పాలి. దాన్ని బట్టే ఆ మనిషి ఎలా వెళ్లాడో జనం తేల్చుకుంటారు. ఆ కూడికకు ముందు నా కొడుకు వంటింట్లోకి వచ్చాడు. వాడు అప్పటికే చర్చి మానేశాడు. గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం, చేతిలో ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం, నోట్లో ఎప్పుడూ ఒక ప్రశ్న.

"అమ్మా, నాయిన ఆఖరికి ఏమన్నడు?"

"నీకెందుకురా? నమ్మేటోనివా నువ్వు?"

"పాస్టర్లు చెప్తే నమ్మ. అది వాళ్ల డ్యూటీ. నువ్వట్ల కాదు. చక్కెర దొంగతనంగ బుక్కి లేదన్నందుకు గంటె తిరగేసి కొట్టినవు నన్ను. నీ నోట్ల అబద్ధం రాదు. నువ్వు చెప్పు, ఇంటా."

చెప్పాను. ప్రభువు కనబడ్డాడని, నవ్వుతూ పోయారని పప్పు కలుపుతూ, వాడి ముఖం చూడకుండా చెప్పాను. వాడు తలుపుకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కూడికలో ఆ మాట వాడే లేచి చెప్పాడు. అప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా చర్చి తప్పలేదు.

కొడుకును దేవుడి దగ్గరకు తేవడానికే అబద్ధం ఆడాను కదా, అది పాపమా? చాలా రోజులు నాకు నేను ఇలాగే చెప్పుకున్నాను. వాడే ఆదివారం క్లాసు చెప్పడం మొదలుపెట్టాక ఆ ఓదార్పూ పోయింది.

మాది సంస్కరణ బోధ నమ్మే సంఘం. దేవుడు తానుగా కళ్లు తెరిపిస్తే తప్ప మనిషి నమ్మడని మా బోధ. అందులో ఎవరికీ తేడా లేదు. నమ్మనివాడితో ఎలా మాట్లాడాలన్న దగ్గరే రెండు దారులు, నా కొడుకు క్లాసులో చెప్పేది వాటి గురించే. మా పాత పాస్టరుగారు రుజువులు చూపించమనేవారు. ప్రభువు తిరిగి లేచాడనడానికి ఖాళీ సమాధి ఉంది, చూసినవాళ్లున్నారు, తెలిసి తెలిసి అబద్ధం కోసం ఎవరూ బాధలు పడరు, నాంపల్లి కోర్టులో పెట్టినా నిలిచే సాక్ష్యం ఇది అనేవారు. ఇప్పటి పాస్టరుగారు అలా ఒప్పుకోరు. దేవుడిని బోనులో నిలబెట్టి మనిషిని జడ్జిని చేస్తారా అంటారు. నిజం అబద్ధం అని తేల్చే బుద్ధి కూడా ఆయన ఇచ్చిందేనని, ప్రతి మనిషికీ లోపల దేవుడు తెలుసని, తెలిసే అణచిపెట్టుకుంటాడని అంటారు.

నాకు అర్థమైనంతలో ఇది మొజంజాహీ మార్కెట్‌లో పండు కొన్నట్టు. వాసన చూడనిదే నేను మామిడిపండు కొనను. అది మొదటి దారి. పండు మంచిదో కాదో ముక్కు చెబుతుంది, మరి ముక్కు మంచిదో కాదో ఎవరు చెప్పాలి? అది రెండోది. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తున్నారు కదా అని కొందరు దాన్ని తప్పుపడతారు. ఏది సరైనదో తేల్చే చదువు నాకు లేదు. ఒకటి మాత్రం తెలుసు. రెండు దారుల్లోనూ నేను దొరికిపోతాను. మొదటిదే సరైనదైతే నేను దొంగసాక్షిని. రెండోదే సరైనదైతే దేవుడికి నా అబద్ధంతో పనే లేదు, ఆయన చాలడని నేనే అనుకున్నాను. అబద్ధం కోసం ఎవరూ బాధపడరంటారు. నేను పడ్డాను. ఉపవాసాలుండి కూడా దాన్ని మోశాను. మరి ఆనాటి సాక్షులూ నాలాగేనా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను. తెలిసే అణచిపెట్టుకోవడం అంటే ఏమిటో మాత్రం నాకు ఎవరూ క్లాసు చెప్పనక్కరలేదు.

పోయిన ఆదివారం క్లాసులో ఒక కాలేజీ అమ్మాయి, "అంకుల్, ఈ రెండిట్ల మీరు దేనితోని నమ్మిన్రు?" అని అడిగింది. నా కొడుకు వెనక బెంచీలో ఉన్న నన్ను చూపించాడు. "రెండిటితోని కాదమ్మా. మా అమ్మ అబద్ధమాడదు, గంతే" అన్నాడు. అందరూ నవ్వి నా వైపు తిరిగారు. నేను బైబిలు తెరిచి తలొంచుకున్నాను.

చర్చి అయ్యాక ఎప్పటిలాగే ఆటో ఎక్కకుండా నడిచి వెళుతున్నాను. అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల దగ్గర ఆ అమ్మాయి పరుగున వచ్చి నా కొంగు పట్టుకుంది. వాళ్ల నాన్న మొన్ననే పోయాడు.

"అమ్మమ్మా, మా డాడీ మస్తు భయపడ్డడు. దేవుని పేరు కూడ తియ్యలె. తాతలెక్క నవ్వుకుంట పోలె. అంటే డాడీ దేవునోడు కాదా?"

దాని కళ్లలోకి చూశాను. ఒక్క మాట చెబితే చాలు. మా ఆయన కూడా భయపడ్డారే అంటే చాలు. కానీ నా కొడుకు గుర్తొచ్చాడు. వాడి నమ్మకానికి నేను పెట్టిన పునాది ఇది. తీసేస్తే వాడు నిలబడతాడా? "ప్రార్థన చేసుకో బిడ్డా" అన్నాను. కొంగు విడిపించుకుని వచ్చేశాను. ఆనాడు మా ఆయన నోరు మూయించాను. ఈసారి ఈ పిల్ల నోరు.

దేవుడు నన్ను క్షమించాడో లేదో తెలియదు. క్షమించాడని రాస్తే ఇంకో అబద్ధం ఆడినట్టు. నా కొడుకు నా ముఖం చూస్తాడో లేదో తెలియదు. వచ్చే ఆదివారం ఆ పిల్ల ఎదురుపడితే నా నోరు పెగులుతుందో లేదో, అదీ తెలియదు. కానీ మా ఆయన భయపడుతూ పోయారు. నన్ను అడిగారు, నేను జవాబు చెప్పలేదు. ఇది నిజం. ఇంతవరకు నేను ఎవరి ముందూ అనని నిజం. ఇప్పుడు మీకు తెలుసు.