ఆపి చూసే ఉద్యోగం

నిరోష ఉద్యోగం, నడుస్తున్నవాటిని ఆపడం. పంజాగుట్టలో ఆమె పనిచేసే చిన్న క్లౌడ్ కంపెనీ, స్కానింగ్ సెంటర్లు తీసిన చిత్రాలను రెండుచోట్ల దాస్తుంది. ఒక ప్రతి పంజాగుట్టలో, ఇంకొకటి అమీర్‌పేటలో. ఒకచోట సర్వర్లు ఆగినా రెండోచోటి నుంచి డాక్టర్లకు చిత్రాలు అందాలి. అందుతాయో లేదో చూడటానికి నిరోష అప్పుడప్పుడు ఒకవైపు సర్వర్లను తనే ఆపేస్తుంది. అదీ పట్టపగలు. ఏదైనా చెడితే బాగుచేసేవాళ్లు ఆఫీసులో ఉండేది అప్పుడే.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిన తండ్రి ధర్మయ్యకు ఇది ఇప్పటికీ వింతే. "మగ్గం ఆగితే మాకు కూలి కోసేటోళ్లు. నీకు ఆపినందుకు జీతమిస్తున్నరా?" అంటాడు.

మేనేజర్ వీరవెంకటసత్యనారాయణకు ఈ పరీక్షలంటే గుబులు. ఈసారి ముందే చెప్పాడు: "ఒక్క కస్టమర్ ఫోన్ చేసినా ఇంకెప్పుడూ ఇవి ఉండవమ్మా."

పాత సర్వర్లను ఆపితే ఏ గొడవా రాదు. పోయిన నెల పంజాగుట్టలో హడావుడిగా పెట్టిన కొత్తవాటిని మాత్రం ఎవరూ ఆపి చూడలేదు. నిరోష అమీర్‌పేటలో సర్వర్లు చూసుకునే భానుచందర్‌కు ఫోన్ చేసింది.

"కొత్తయి ఆపుతున్న, భానూ."

"నడిచేటిదాన్ని ఆపకుంటే నీకు అన్నం అరగదా అక్కా? పాతయి ఆపి కానియ్యరాదా?"

"పాతయి మంచిగున్నయని ఎరికే గదా."

ఆపింది. అమీర్‌పేటలో చిత్రాలన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ ఏ డాక్టరుకూ తెరుచుకోలేదు. పాస్‌వర్డులు సరిచూసే ప్రోగ్రామ్‌ను కొత్త సర్వర్లలోకి మార్చినప్పుడు, అమీర్‌పేటలో కూడా ఒకటి పెట్టడం అందరూ మరిచారు. నిరోష సర్వర్లను తిరిగి నడిపించేలోపే లక్డీకాపూల్ నుంచి ఒక సెంటర్‌వాళ్లు ఫోన్ చేశారు.

సత్యనారాయణ ఆమె కుర్చీ దగ్గరికే వచ్చాడు.

"పేషెంటును ఎదురుగా కూర్చోబెట్టుకుని డాక్టరు పాస్‌వర్డ్ కొడుతూనే ఉన్నాడట. చెప్పానా లేదా?"

"చెప్పిన్రు సార్. వాళ్లకు ఫోన్ చేసి నేనే మాట్లాడుత."

"ఇక ఈ పరీక్షలు బంద్."

నిరోష లక్డీకాపూల్‌కు ఫోన్ చేసింది. సెంటర్‌వాళ్ల తిట్లు పూర్తిగా విని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి భానుచందర్ అమీర్‌పేటలోనూ ఆ ప్రోగ్రామ్ పెట్టాడు. సత్యనారాయణ మళ్లీ వచ్చాడు.

"ఇప్పుడు పంజాగుట్ట ఆగినా పనిచేస్తుందా?"

"చేయాలె సార్."

"చేయాలె ఏంటి? చేస్తుందా, లేదా?"

"ఆపితేనే తెలుస్తది."

సత్యనారాయణ గోడమీది క్యాలెండర్ చూశాడు.

"గురువారం ఆపు," అన్నాడు. "సెంటర్లన్నిటికీ ముందుగా నేనే చెప్తాను."