ముక్కు కొస నుంచి

మా వీరాంజనేయులు మామయ్యకు మనిషి కనిపిస్తే నమస్కారం పెట్టే అలవాటు లేదు. మెడలో వేలాడే టేపు తీసి కొలిచేవాడు. ముందు ముక్కు కొస నుంచి మడమ దాకా పొడవు, తర్వాత చంకల కింద చుట్టుకొలత. అదయ్యాకే "బాగున్నారా?"

తప్పు ఆయనది కాదు, డాల్ఫిన్లది. మద్రాసులో పన్నెండేళ్లు, వలల్లో పడి చచ్చిన డాల్ఫిన్లను కొలిచి, అవి ఏం తిన్నాయో, ఎక్కడెక్కడ తిరిగాయో పరిశోధించాడు. నలభై రెండులో జపాను బాంబుల భయానికి జనం మద్రాసు వదిలినప్పుడు, పదకొండు డాల్ఫిన్ పుర్రెలతో నరసరావుపేటలో మా ఇంట్లో దిగాడు. మా ఊరి నుంచి సముద్రం పాతిక కోసులు. ఇక కొలవడానికి మేమే దొరికాం.

నా పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిని గుమ్మంలోనే ఆపి టేపు చుట్టాడు.

"ఏందన్నయ్యా ఇది?" అని మా అమ్మ తల బాదుకుంది.

"చుట్టుకొలత చూస్తే మేత బాగున్నట్టుందమ్మా. ఒప్పేసుకో!"

తర్వాత ఆ అబ్బాయే నా మొగుడయ్యాడు. మామయ్య ఎదురుపడితే చాలు, పొట్ట లోపలికి లాగేవాడు.

"చుట్టుకొలత అబద్ధమాడదు," అనేవాడు మామయ్య. "అది తగ్గిందంటే ఆ నీళ్లలో చేపలు కరువైనట్టే."

ఆయన పరిశోధన కాగితాలకు శుద్ధప్రతి రాసిపెట్టే యేసుపాదం అందరికన్నా ఎక్కువగా టేపుకు చిక్కేవాడు. నలభై అయిదులో అతనికి మాచర్లలో బడిపంతులు ఉద్యోగానికి పిలుపొచ్చింది, సోమవారం రమ్మని. ఉన్న ఒక్క చొక్కా వీపంతా చిరిగింది. అప్పుడు గుడ్డ మీద కంట్రోలు. రేషను కార్డుకు వచ్చేది అతని ఇంట్లో ఆడవాళ్లకే చాల్లేదు. ఈ ఉద్యోగం పోతే ఆ ఇంట్లో నలుగురికీ గంజే గతి.

శుక్రవారం మామయ్య మళ్లీ టేపు తీశాడు. "అంగుళమున్నర తగ్గావు. ఏంది కథ?"

"తొడుక్కోను చొక్కా లేక నే చస్తంటే మీకు కొలతలా సారూ? నేనేమన్నా చేపనా?"

"డాల్ఫిన్ చేప కాదురా. పిల్లకు పాలిస్తుంది," అని సరిదిద్ది, మామయ్య ఈసారి పొడవు తొడల దాకానే ఆపి, చేతులు కూడా కొలిచి రాసుకున్నాడు.

యేసుపాదం కాగితాలు బల్లమీద పడేసి వెళ్లిపోయాడు. నాకూ మామయ్య మీద ఒళ్లు మండింది.

ఆదివారానికి యేసుపాదం కోపం తగ్గి మిగతా రాత పూర్తిచేద్దామని వచ్చాడు. వెనకాలే దర్జీ మీరా సాహెబ్ కొత్త తెల్లచొక్కాతో దిగాడు.

"నీకేరా యేసుపాదం. మీ ఇంటికి పోతే ఇక్కడున్నావన్నారు. కుట్టించింది ఎవరని అడగబాకు, చెప్పొద్దన్నారు."

తొడుక్కుంటే మోకాళ్ల దాకా దిగింది.

"ఇది చొక్కానా గౌనా సాయిబు మామా?"

"చీటీలో రాసింది రాసినట్టే కుట్టా. తేడా ఉంటే నన్నడుగు!"

యేసుపాదం చొక్కాను పైకి లాగాడు. కింది అంచు ఉండాల్సిన చోటికి వచ్చేసరికి, కాలరు సరిగ్గా ముక్కు కొసకు ఆనింది.

అందరం మామయ్య వైపు తిరిగాం. తాలూకా మొత్తంలో మనిషిని ముక్కు నుంచి కొలిచేవాడు ఒక్కడే.

"లాల్చీకని తెచ్చుకున్న గుడ్డ ఎలకలు కొట్టాయన్నావే అన్నయ్యా!" అంది అమ్మ.

మామయ్య ఒక పుర్రెను తెగ తుడిచేస్తూ గొణిగాడు. "పొరపాటు నాదే. మనిషికి మెడ ఉంటుందని మరిచిపోయా."

ఆయన్ని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. మీరా సాహెబ్ అక్కడే కూర్చుని కింద జానెడు కత్తిరించి, ఆ ముక్కతో జేబు కుట్టాడు. ఆ చొక్కాతోనే యేసుపాదం పంతులయ్యాడు.

ఆర్నెల్లకు మాచర్ల నుంచి లాల్చీ గుడ్డ తెచ్చి, మామయ్య మెడలోని టేపు లాక్కున్నాడు.

"కదలబాకండి సారూ." టేపు మామయ్య ముక్కు కొసకు ఆనించాడు.

మామయ్య బుద్ధిగా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. టేపు చంకల కిందకు వచ్చేసరికి మాత్రం కంగారుపడ్డాడు.

"అది గట్టిగా చదవబాకురా. మా చెల్లెలి దగ్గర మేత చానా బాగుంది."