హామర్ దించడం

1963లో నేను నెల్లూరు పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌ని. అంటే తుపాకులు కాల్చేవాణ్ణి కాదు, వాటిని విప్పి, తుడిచి, బాగుచేసి ఇచ్చేవాణ్ణి. అప్పట్లో సబిన్‌స్పెక్టర్లకు ఇచ్చేది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత ఆరు తూటాల రివాల్వర్. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా పట్టుమని పది రోజులు ఆగదు. అందుకని తీరం స్టేషన్లవాళ్లు నెలకోసారి తెచ్చి నాకు చూపించాల.

అట్లా వచ్చేవాడే సుధాకర్ సార్. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక స్టేషన్‌లో సబిన్‌స్పెక్టర్, పాతికేళ్ల మనిషి. ఆయనకూ నాకూ ఒకటే పిచ్చి, గూఢచారి నవలలు. నాయుడుపేటలో అద్దెకు తెచ్చుకుని, తను చదివినాక నాకిచ్చేవాడు. నాకేమో తప్పులు పట్టే రోగం. ఒక హీరో రివాల్వర్‌కి సైలెన్సర్ బిగిస్తాడు. తూటాలుండే సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందుంటుంది, చప్పుడు ఆ సందులోంచి రానే వస్తుంది. ఇంక సైలెన్సర్ ఎందుకు, నా తలకాయ! ఇంకొకడు మళ్లీ నింపకుండానే తొమ్మిదిసార్లు కాలుస్తాడు. ఇద్దరం కడుపుబ్బ నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన, "అన్నా, వీళ్లు ఎదుటివాణ్ణి బెదిరించే ముందు బొటనవేలితో టక్కుమనిపిస్తారే, అదేంది?" అన్నాడు.

రివాల్వర్ వెనకాల ఉండి తూటాను కొట్టే హామర్‌ని ఎత్తిపెట్టడం అది. మామూలుగా అయితే ట్రిగ్గర్‌ని బలంగా లాగాల. హామర్ ఎత్తిపెట్టినాక వేలు ఆనితే చాలు, పేలుతుంది. ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు, ఒకసారి విన్నది ఎవరికి గుర్తుంటుంది? ఖాళీ రివాల్వర్‌తో నేను ఎత్తి చూపించినా. ఆయన సరదాగా పదిసార్లు ఎత్తినాడు, ఎత్తిన ప్రతిసారీ ట్రిగ్గర్ నొక్కి వదిలేసినాడు. ఖాళీదే గదా అని నేనూ ఊరుకున్నా.

తూటాలున్నదాన్ని కాల్చకుండా దించే పద్ధతి వేరే ఉంది. గొట్టం నేలకు తిప్పి, హామర్‌ని బొటనవేలితో గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా దించాల. ఏ నవల్లోనూ ఎవడూ దించడు. నేనూ చూపించలేదు.

రెండు నెలలకు ఆయన రివాల్వర్ సీలు వేసిన గుడ్డసంచిలో నా బల్ల మీదికి వచ్చింది. అవి మద్యనిషేధం రోజులు. పడవలో సారా తెస్తున్నాడని అనుమానంతో సుధాకర్ సార్ పోలయ్య అనే జాలరిని ఆపినాడంట. హామర్ ఎత్తి, దిగమన్నాడంట. పోలయ్య దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో చేతులెత్తి నిలబడినాడు. తూటా గొంతులో దిగింది. పడవలో చేపలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు సుధాకర్ సార్ నా దగ్గరికి వచ్చినాడు.

"దించుదామనే పట్టుకున్నా అన్నా. చేయి తడిగా ఉండి జారింది. ఇంట్లో పసిబిడ్డ ఉంది నాకు. స్ప్రింగు వదులైందని రాయి. పాతది గదా, ఎవరూ అడగరు."

నిజమే, ఎవరూ అడగరు. లోపల ఒకచోట ఆకురాయితో రెండుసార్లు గీకితే లోపం దానంతటదే పుడుతుంది. రెండు రోజులు ఆ సంచి విప్పకుండా పక్కన పెట్టినా. మూడో రోజు హామర్ ఎత్తిపెట్టి కొయ్యసుత్తితో కొట్టి చూసినా, దానంతటది పడలేదు. ట్రిగ్గర్‌కి తూకపురాళ్లు కట్టి చూసినా, ఉండాల్సిన బరువుకే కదిలింది. రివాల్వర్‌లో లోపం లేదని రిపోర్టు రాసినా. ఎత్తడం చూపించింది నేనని మాత్రం రాయలేదు. భయపడినా. నాకూ పిల్లలున్నారు.

విచారణ రోజు కచేరీ వరండాలో పోలయ్య భార్య మంగమ్మ కూర్చోనుంది. నన్ను ఎవరో చూపించినట్టున్నారు, లేచి వచ్చింది.

"అయ్యా, తుపాకీ సంగతి తెలిసినాయన నువ్వేనంట గదా. దిగమంటే మాయన దిగినాడే. ఇంకెందుకు కాల్చినాడు?"

"కాల్చాలని కాదమ్మా. ఎత్తినదాన్ని దించబోయినాడు. దించడం ఆయనకు రాదు."

ఆమె ఏడవలేదు. "దించడం రానోడికి ఎత్తడం ఎవరు నేర్పినారయ్యా?" అనింది.

అంతలో లోపలికి పిలిచినారు. రిపోర్టు చదివి వచ్చేసినా. సుధాకర్ సార్ ఉద్యోగం పోయింది, నాది నిలిచింది.

ఆ తర్వాత పెన్షన్ తీసుకునేదాకా నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ముందు దించడమే నేర్పినా. అది చేతికి వచ్చినాకే ఎత్తనిచ్చినా. చాదస్తం అని కొందరు నవ్వినారు, జాగ్రత్తగల మనిషి అని కొందరు మెచ్చుకున్నారు. వాళ్లెవరికీ కారణం చెప్పలేదు. మంగమ్మ ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. నేర్పింది నేనేనమ్మా.